దీపం పట్టుకున్న చూపు

చూపు గురించి స్త్రీవాదులం చాలానే రాసుకున్నాం. సినిమా కెమెరా వెనక ఉన్న మగచూపుని విప్పి చూపించిన లారా మల్వీ 1975 నాటి వ్యాసం దగ్గర్నుంచి మన జయప్రభ 'చూపులు' కవిత దాకా, బస్సులో, రోడ్డుమీద, క్లాసురూములో, పెళ్ళిచూపుల్లో మన ఒంటిమీద పాకే చూపుల గురించి రాశాం, వాటిమీద తిరగబడ్డాం. దాదాపు ఆ రాతలన్నిట్లోనూ మనం చూడబడుతున్న వైపే ఉన్నాం. మరి చూస్తున్న వైపు మనమే ఉన్నప్పుడు సంగతేమిటి? పరిశోధన పేరుతో, రచన పేరుతో సాటి మనుషుల బతుకుల్లోకి తొంగిచూసేటప్పుడు మన చూపుకి ఉన్న హక్కేమిటి? దానివల్ల ఎవరికేమవుతుంది? సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న పుస్తకాల్లో నాకు ఎన్నోసార్లు ఎదురైంది. కానీ అదొక స్పష్టమైన ఆకారంతో నా ముందుకొచ్చింది మాత్రం ఇండోనేషియాలో, బాలి ద్వీపపు తీరంలో, రాత్రిపూట సముద్రం అడుగున. ఆ ప్రశ్నకీ ఆ చోటుకీ ఏం పొంతన అనిపించొచ్చు. చెప్తాను.

బాలికి ఈశాన్యంగా తులంబెన్ అనే చిన్న ఊరుంది. వెనక అగుంగ్ అగ్నిపర్వతం. ముందు నల్లటి గుండ్రాళ్ళ తీరం. ఒడ్డునుంచి కాస్త దూరం ఈదితే చాలు, నీళ్ళకింద 'లిబర్టీ' అనే అమెరికా సైన్యపు సరుకుల ఓడ పడి ఉంటుంది. 1942 జనవరిలో జపాను జలాంతర్గామి టార్పెడోతో కొడితే, మునిగిపోతున్న ఆ ఓడని ఈ తీరానికి చేర్చి వదిలేశారు. ఇరవయ్యేళ్ళు ఒడ్డునే తుప్పుపట్టింది. 1963లో అగుంగ్ బద్దలై వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ ప్రకంపనలకే ఓడ కూడా నీళ్ళలోకి జారిపోయింది. ఇప్పుడది 120 మీటర్లకు పైగా పొడవున్న పగడాల తోట. పడవతో పనిలేదు, ఒడ్డునుంచే నడుచుకుంటూ వెళ్ళి దిగొచ్చు. ప్రపంచం నలుమూలల నుంచీ డైవర్లు ఇక్కడికి వచ్చేది అందుకే. ఒక సదస్సుకని బాలి వెళ్ళిన నేను, చివర రెండు రోజులు మిగిలితే ఇక్కడికొచ్చాను. స్కూబా డైవింగ్ నాకు ముప్పై ఒకటో ఏట అండమాన్‌లో పట్టుబడింది. అంతకుముందు ఈత నేర్చుకోవడమే ఒక ప్రహసనం. మా ఊళ్ళో బావిలో దూకే హక్కు మా అన్నయ్యలకే ఉండేది. ఆ కథ ఇంకోసారి.

తులంబెన్‌లో నన్ను ముందుగా ఆకట్టుకున్నది సముద్రం కాదు, సిలిండర్లు మోసే ఆడవాళ్ళు. గాలి నింపిన అల్యూమినియం సిలిండర్ ఒక్కోటి పదిహేను కిలోల పైమాటే. తలమీద చుట్టకుదురు పెట్టుకుని, దానిమీద సిలిండర్లు పెట్టుకుని, కాలు పెడితే జారిపోయే ఆ గుండ్రాళ్ళ మీద మామూలు చెప్పులతో నడిచిపోతారు. కొందరు ఒక్కసారే రెండేసి మోస్తారు. నలభై, యాభై ఏళ్ళ మనుషులు. నేను ఒంటిమీద వెట్‌సూట్ తప్ప ఏ బరువూ లేకుండా ఆ రాళ్ళమీద చేతులు చాపుకుని, తాడుమీద దొమ్మరిపిల్లలా నడుస్తుంటే నన్ను చూసి నవ్వుకున్నారు. చీకటి పడకముందే మా సామానంతా నీళ్ళ అంచున చేర్చారు. నా బరువు మోసినామెని, మా గైడ్ కుర్రాడి ద్వారా, మీరెప్పుడైనా లోపలికి దిగి చూశారా అని అడిగాను. ఆమె ఏదో అంది. పక్కనున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. గైడ్ అనువదించలేదు. ఏమందని మళ్ళీ అడిగితే, తల తిప్పుకుని, "ఏం లేదు మేడం" అన్నాడు.

ఆరున్నరకల్లా చీకటి పడిపోయింది. నడుముదాకా నీళ్ళలో నిలబడి ఫిన్స్ తొడుక్కుని, టార్చి వెలిగించి దిగాం.

రాత్రికీ ఆడదానికీ మధ్య ఎంత రాజకీయం ఉందో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎనిమిదింటికి తాళంపడే హాస్టల్ గేటు, "ఇంత రాత్రప్పుడు ఎక్కడికి?" అనే ప్రశ్న, వెనక వినిపించే అడుగుల చప్పుడు. రాత్రి వీధుల్ని వెనక్కి ఇమ్మని దేశదేశాల్లో ఆడవాళ్ళు ఊరేగింపులు తీశారు. 2015లో ఢిల్లీలో పింజ్రా తోడ్ అమ్మాయిలు హాస్టల్ గేట్ల మీదే పోరాటం మొదలుపెట్టారు. పదిహేను మీటర్ల లోతున నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, నేను చీకటికి ఎప్పుడూ భయపడలేదు, చీకట్లో ఉండే మగవాళ్ళకి భయపడ్డాను. ఇక్కడి చీకట్లో నన్ను ఆడదానిగా చూసే కన్ను ఒక్కటీ లేదు. ముసుగు, సూటు, బుడగలు, అంతే. నేను కూడా ఒక వెలుగుచుక్కని మాత్రమే. ఆ స్వేచ్ఛని మాటల్లో పెట్టడం కష్టం. అయితే కాసేపటికి ఇంకో సంగతి కూడా తట్టింది. ఈ మొత్తం చీకట్లో దీపం నా చేతిలో ఉంది. ఇక్కడ చూసేదాన్ని నేను. దాక్కునేవి అవి.

ముందు రంగు సంగతి. పగలు నీళ్ళలోకి దిగుతున్నకొద్దీ ఎరుపు చచ్చిపోతుంది. సూర్యకాంతిలోని ఎర్రని భాగాన్ని పై కొద్ది మీటర్ల నీళ్ళే పీల్చేసుకుంటాయి. ఆ కిందకి వెళ్తే ఎర్రని జీవి గోధుమరంగుగానో మసిగానో కనిపిస్తుంది. రాత్రి టార్చి పడగానే అదే ఓడ గోడమీద సిందూరాలు, కుంకుమలు, దానిమ్మగింజలు! పగడాలు పగలు రాళ్ళలా ముడుచుకుని ఉంటాయి కదా, రాత్రికి వాటి లోపలి జీవులు సన్నని వేళ్ళు చాపి, నీళ్ళలో కొట్టుకొచ్చే ప్లవకాల్ని పట్టుకుని తింటుంటాయి. ఓడంతా విచ్చుకున్నట్టుంటుంది. "రాత్రి సముద్రం అసలు రంగులు బయటపెడుతుంది" అని డైవింగ్ పుస్తకాల్లో రాస్తారు. అసలు రంగు అంటే ఏమిటి? అక్కడ బతికే జీవుల్లో చాలావాటికి ఎరుపు సరిగ్గా కనబడనే కనబడదు. ఆ లోతున దాగి ఉండటానికి ఎరుపు చాలా మంచి రంగు, ఎందుకంటే అక్కడది నలుపుతో సమానం. నేను చూసి మురిసిపోయిన ఆ ఎరుపు నేను వెంట తెచ్చుకున్నది. వాటి మరుగే నాకు శోభగా కనిపించింది.

ఇక స్పానిష్ డాన్సర్. గుల్ల లేని సముద్రపు నత్త ఇది. నలభై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాని శాస్త్రీయనామంలోనే రక్తం ఉంది, హెక్సాబ్రాంకస్ సాంగ్వినియస్. పగలంతా సందుల్లో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. మామూలుగా ఒంటి అంచుల్ని చుట్టచుట్టుకుని నేలమీద పాకుతుంటుంది. అలా పాకుతున్నదాన్నే నేను చూశాను, ఇనుప దూలం పక్కన, చాలాసేపు. మా గుంపులో ఒకరిద్దరికి అది నిరాశ. వాళ్ళకి డాన్సు కావాలి. ఆ డాన్సు ఎప్పుడు చేస్తుందో తెలుసా? ఎక్కువగా, ఎవరైనా కదిలించినప్పుడు, బెదిరినప్పుడు. చుట్టుకున్న అంచుల్ని ఒక్కసారి విప్పి, ఎర్రని ఒళ్ళంతా అలలు అలలుగా విదిలిస్తూ నేలని వదిలి ఈదుకుంటూ వెళ్ళిపోతుంది. దాన్ని చూసినవాళ్ళకి ఫ్లమెంకో నర్తకి గాగరా గుర్తొచ్చింది. తప్పించుకుపోవడానికి నాట్యమని పేరు పెట్టారు! పైగా అది ఆడదీ కాదు, మగదీ కాదు. ఒక్కో జీవిలోనూ రెండూ ఉంటాయి. అయినా నర్తకే అయింది. మన కావ్యాల్లో బెదిరిన లేడికళ్ళని మెచ్చుకున్న కవులంతా నాకు ఆ ఇనుప దూలం పక్కన వరసగా గుర్తొచ్చారు. లేడి ఎందుకు బెదిరిందని ఎంతమంది అడిగారు?

ఈ రెండూ ఒకెత్తు. రంగు పులమడం, పేరు పెట్టడం — చూసేవాడి ఊహలో జరిగేవి. నత్తకి వాటితో పెద్దగా పోయేదేం లేదనొచ్చు. నన్ను ఇప్పటికీ వదలని విషయం మూడోది.

దిగేముందే గైడ్ ఒక మాట చెప్పాడు. నిద్రపోతున్న చిన్నచేప మీద టార్చి నిలపొద్దు, ఊరికే అలా తాకించి పక్కకి తిప్పెయ్యండి అని. ఎందుకో కింద అర్థమైంది. మా వెనకే, మా వెలుగు అంచున, వెండిరంగు ట్రెవల్లీ చేపలు నీడల్లా వస్తున్నాయి. లయన్ ఫిష్‌లు రెక్కలు విప్పుకుని మా మోకాళ్ళ దగ్గర తచ్చాడుతున్నాయి. వాటికి మేమంటే భయం లేదు, మేమే వాటి పనిముట్లం. ఇంకో గుంపువాళ్ళ వెలుగు ఒక్క క్షణం ఎక్కువసేపు ఒక చిన్నచేప మీద నిలిచింది. ఆ కాంతికి దానికి కళ్ళు బైర్లు కమ్మినట్టున్నాయి, కదల్లేదు. ట్రెవల్లీ మెరుపులా వచ్చి వెళ్ళింది. అంతే. మా నల్గొండ వైపు రాత్రిళ్ళు తలకి బ్యాటరీ లైటు కట్టుకుని కుందేళ్ళ వేటకి పోయేవాళ్ళు. లైటు కళ్ళలో పడితే కుందేలు కదలదు. కాకపోతే అక్కడ లైటు కట్టుకున్నవాడికీ తినేవాడికీ తేడా లేదు. ఇక్కడ వెలుగు పట్టుకున్నవాడికి ఎవర్నీ తినే ఉద్దేశం లేదు. అందం చూద్దామని వచ్చినవాడు. తిన్నది వేరే.

ఓడలో ఒకచోట బంప్‌హెడ్ ప్యారట్ ఫిష్‌లు నిద్రపోతున్నాయి. నుదుటిమీద బోడిపె ఉన్న పెద్ద చిలకచేపలు. మీటరుకు పైగా పొడవు, నలభై కిలోల పైన బరువు దాకా పెరుగుతాయి. ప్రపంచంలోని చిలకచేపలన్నిట్లోకీ ఇవే పెద్దవి. పగలంతా పగడాల్ని కొరికి నమిలి ఇసుక చేసే ఈ మహాకాయాలు రాత్రి కాగానే తక్కువ లోతుల్లో గుంపుగా చేరి ఒళ్ళు తెలియకుండా పడుకుంటాయి. నీటిలో వెలిగే టార్చీలు వచ్చాక, సాలమన్ దీవుల్లాంటి చోట్ల రాత్రిపూట దిగి, నిద్రలో ఉన్నవాటిని ఉన్నచోటే బల్లేలతో పొడిచి గుంపులకి గుంపుల్ని ఖాళీ చేశారు. ఇప్పుడు వాటిని ముప్పు ఉన్న జాతుల జాబితాలో పెట్టారు. తులంబెన్‌లో వాటిని నాకు చూపించింది కూడా అలాంటి టార్చే.

ఇక్కడ నా పరిశోధన రోజుల సంగతొకటి చెప్పాలి. పాటలు, జీవిత కథనాలు సేకరించడానికి పాలమూరు ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఒక పెద్దమ్మ నాలుగు రోజులు మాట్లాడింది. ఐదోరోజు ఒకచోట ఆగి, "అది బంద్ చెయ్యి బిడ్డా. ఈ ముచ్చట నీకు చెప్తున్న, దానికి గాదు" అంది, రికార్డర్ వైపు చూపిస్తూ. ఆపాను. చెప్పింది. ఆ ముచ్చట నా సిద్ధాంత గ్రంథంలో లేదు, ఇక్కడా ఉండదు. ఆ రోజు దాన్ని నామీద నమ్మకంగా అర్థం చేసుకున్నాను. నమ్మకం నిజమే. కానీ ఆమె లెక్క అంతకంటే పెద్దది. వెలుగు పట్టుకున్న పిల్ల మంచిదే, దాని వెనక ఎవరొస్తున్నారో దానికి తెలియదు. కొడుకులు, పాలివాళ్ళు, ఊరి పెద్దలు, ఆ కాగితం ఎప్పుడో ఎవరి చేతికో... ట్రెవల్లీల గురించి ఆమెకి నాకంటే బాగా తెలుసు.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలోని స్త్రీల అనుభవాల్ని వాళ్ళ మాటల్లోనే వినిపించారు. ఎవరు చెప్తున్నారో వాళ్ళ గొంతు ముందుకొచ్చింది. ఆ తర్వాత దళిత, బహుజన, ముస్లిం స్త్రీలు ఇంకో అడుగు వేసి, అగ్రకుల స్త్రీవాదం చేతిలోని దీపాన్నే ప్రశ్నించారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్యానికి 'నల్లపొద్దు' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ పొద్దు వాళ్ళదే. దానికి ఇంకొకరి టార్చి అక్కర్లేదు.

చిలకచేపల్లో కొన్ని చిన్నజాతులు నిద్రకి ముందు నోటినుంచి జిగురులాంటి పదార్థం వదిలి తమచుట్టూ పారదర్శకమైన సంచీ అల్లుకుంటాయి. టార్చిలో అది సాలెగూడులా తళతళలాడుతుంది. ఎందుకు అల్లుకుంటాయో చాలాకాలం తేల్లేదు. మోరే ఈల్‌కి వాసన తగలకుండా అని కొందరన్నారు. 2010 చివర్లో అలెగ్జాండ్రా గ్రటర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు వేరే జవాబు కనిపెట్టారు. రాత్రిపూట రక్తం పీల్చే చిన్న పురుగుల నుంచి కాపాడుకోవడానికి అది దోమతెర అని. వాళ్ళ పరిశోధనా పత్రం పేరులోనే దోమతెర ఉంది. ఎలా తేల్చారు? నిద్రపోతున్న చేపల్ని లేవకుండా మెల్లగా ఆ సంచీల్లోంచి బయటికి తీసి, పురుగుల మధ్య ఉంచి చూశారు. తెర ఉన్నవాటికంటే లేనివాటిని పురుగులు చాలా ఎక్కువగా కుట్టాయి. తెర ఎందుకుందో తెలియాలంటే తెర తీయాల్సొచ్చింది. ఆమెని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చేప నిద్ర చెడకుండా చేసిన పని అది. ఆ పరిశోధన లేకపోతే ఇవాళ ఈ ముక్క మీకు చెప్పగలిగేదాన్ని కాదు. కానీ "మౌనాన్ని బద్దలుకొట్టడం" అనే మాటని మనం ఎంత తేలిగ్గా, ఎంత గొప్పగా వాడతామో గుర్తొచ్చి కొంచెం ఇబ్బందిపడ్డాను. కొన్ని మౌనాలు నోరు నొక్కితే వచ్చినవి. కొన్ని పడుకోబోయేముందు ఎవరికి వాళ్ళు అల్లుకున్నవి. బయటినుంచి టార్చి వేసినప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి. మార్టినీక్ రచయిత ఎడువార్ గ్లిసాఁ 1990లో, అందరికీ అర్థం కాకుండా ఉండే హక్కు గురించి రాశాడు. ఒకర్ని గౌరవించడానికి వాళ్ళు నాకు పూర్తిగా తెలిసిపోవాల్సిన అవసరం లేదని ఆయన వాదన. వలస పాలకుల 'అర్థం చేసుకోవడం' ఎలా ఉంటుందో చూసిన నేలనుంచి వచ్చిన మాట అది.

అయితే దీపం ఆర్పెయ్యాలా? ఆ మాట అనేవాళ్ళంటే నాకు అనుమానం. కనబడకపోవడం ఆడవాళ్ళకి ఎప్పుడూ వరం కాలేదు. 1930లో బెర్ముడా దగ్గర విలియం బీబ్ ఇనుప గోళంలో కూర్చుని లోతు సముద్రంలోకి దిగుతుంటే, ఓడ మీద టెలిఫోన్ చెవికి పెట్టుకుని ఆయన చెప్పేదంతా రాసుకున్నది గ్లోరియా హోలిస్టర్ అనే పరిశోధకురాలు. అదే ఏడు ఆమె కూడా 410 అడుగులు దిగింది. ఆ చేపల బొమ్మలు వేసిన ఎల్సా బోస్టెల్మన్ ఆ గోళంలో ఎప్పుడూ దిగలేదు. బీబ్ మాటలు విని వేసింది. లోకం చూసిన ఆ చేపలు ఆమె కుంచెలోంచి వచ్చినవి. గుర్తున్న పేరు మాత్రం బీబ్‌ది. వాళ్ళమీద ఇంకొంచెం వెలుగు పడితే బాగుండేదనే అంటాను. బంప్‌హెడ్ చేపలు తగ్గిపోతున్నాయని తెలిసింది కూడా ఎవరో దిగి లెక్కపెట్టబట్టే. కాబట్టి నాకు ఆర్పడం, వెలిగించడం అనే రెండు దారుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నగా ఇది కనబడటం లేదు. దీన్ని ఎంతసేపు నిలుపుతున్నాను, దీని అంచున ఎవరు ఈదుతున్నారు, బంద్ చెయ్యి అని చెప్పగలిగే వీలు అవతలివాళ్ళకి ఉందా? చేపకి లేదు. పెద్దమ్మకి ఉంది, లేదా తనే తీసుకుంది.

ఇంకోటి కూడా ఉంది, దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. నేను లోపల ఉన్న యాభై నిమిషాలు పీల్చిన గాలి ఒకామె తలమీద వచ్చింది. ఆ గాలి అయిపోయేలోగా నేను చూసిన నత్తలూ చేపలూ ఈ వ్యాసం అయ్యాయి. ఆమె కిరాయి ఆమెకి ముట్టింది, అంతకుమించి సానుభూతి ఆమె అడగలేదు. ఆమెని మళ్ళీ ఇక్కడ తలమీద బరువుతో నిలబెట్టి, మన పత్రిక పేజీమీద వెలుగు వేస్తున్నది నేనే.

డైవ్ ముగిసేముందు గైడ్ సైగ చేస్తే అందరం టార్చీల్ని ఛాతీకి అదుముకుని చీకటి చేసుకున్నాం. కాసేపు ఏమీ లేదు. చెయ్యి కదిపితే వేళ్ళచుట్టూ నీలంగా సన్నని రవ్వలు లేచాయి. తాకిడికి వెలిగే సూక్ష్మజీవులు అవి, నీళ్ళనిండా ఉంటాయి. టార్చి వెలుగుతున్నంతసేపూ కనబడవు. ఓడ, పగడాలు, నిద్రపోతున్న చేపలు అన్నీ అక్కడే ఉన్నాయి, నాకు తెలుసు. ఊపిరి చప్పుడు మాత్రం వినబడుతోంది.

పైకొచ్చేసరికి తీరం ఖాళీ. ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఖాళీ సిలిండర్ రాళ్ళమీదినుంచి నేనే మోసుకొచ్చాను, మధ్యలో రెండుసార్లు ఆగి. దారిలో గైడ్‌ని, సాయంత్రం ఆమె ఏమందని మూడోసారి అడగబోయి, ఊరుకున్నాను.